అరటి దొప్ప నుంచి ప్రభ దాకా: హైస్కూలు పిల్లలతో చేయించదగిన ఆర్ట్ ప్రాజెక్టులు

ప్రాజెక్టు వర్క్ ఇచ్చారంటే మన ఇళ్లలో ముందు స్టేషనరీ షాపుకి పరుగెడతాం. చార్టు, థర్మాకోల్ షీటు, మెరుపుల పొడి, నెట్ సెంటర్లో తీయించిన కలర్ ప్రింటు తెస్తాం. రాత్రి పదింటి దాకా అమ్మానాన్నలు కూర్చుని అంటిస్తే, పొద్దున్నే పిల్లలు దాన్ని జాగ్రత్తగా బడికి మోసుకెళ్తారు. అందులో పిల్లలు సొంతంగా నిర్ణయించింది ఒక్కటీ ఉండదు. ఈ పద్ధతి మారాలన్నది నా కోరిక. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లలతో, గోదావరి జిల్లాల్లో ఏ ఊళ్లోనైనా దొరికే వస్తువులతో చేయించగలిగిన పనులు కొన్ని ఇక్కడ చెబుతున్నాను. మీరు డ్రాయింగ్ మాస్టారు కానక్కర్లేదు. తెలుగు టీచరైనా, సైన్స్ టీచరైనా, సెలవుల్లో వీధి పిల్లలను పోగుచేసుకునే తల్లో తండ్రో అయినా చేయించవచ్చు.

ముందు ఈ వయసు గురించి ఒక మాట. మూడో తరగతిలో గోడలన్నీ బొమ్మలతో నింపిన పిల్లలే ఏడో తరగతికి వచ్చేసరికి "నాకు డ్రాయింగ్ రాదు సార్" అంటారు. చెయ్యి అప్పటిలాగే ఉంటుంది కానీ కన్ను ముందుకు వెళ్లిపోతుంది. ఆవు ఎలా ఉంటుందో ఇప్పుడు వాళ్లకు బాగా తెలుసు, తాము గీసిన ఆవు అలా లేదనీ తెలుసు. పక్కవాళ్లు నవ్వుతారేమోనన్న టెన్షన్ కూడా ఈ వయసులోనే మొదలవుతుంది. చాలామంది బొమ్మలు మానేసేది ఇక్కడే. కాబట్టి మొదటి రోజే పెన్సిల్ చేతికిచ్చి "ప్రకృతి దృశ్యం గీయండి" అనకండి. అచ్చు వేయడం, రంగు తయారుచేయడం, పుల్లలతో కట్టడం వంటి వాటితో మొదలుపెట్టండి. వీటిలో బాగా గీసేవాళ్లూ రానివాళ్లూ ఒకే చోట నుంచి బయల్దేరతారు. చేతి మీద కాస్త నమ్మకం కుదిరాక పెన్సిల్ ఇవ్వవచ్చు.

మొదటి పని: అరటి అచ్చులు

అరటి ఆకును చెట్టుకు కలిపే మందపాటి కాడను, బోదె మీద నుంచి ఒలిచిన దొప్పను అడ్డంగా కోసి చూడండి. లోపల గదులు గదులుగా కిటికీల వరస కనిపిస్తుంది. కాడ కోత నెలవంకలా ఉంటుంది, దొప్ప కోత పొడవుగా సాగుతుంది. ఏ చెక్క అచ్చులోనూ రాని నాజూకు ఇందులో ఉంది. గెల కొట్టేశాక తోటలో పడేసే బోదెలు ఎన్నో ఉంటాయి కాబట్టి దీనికి పైసా ఖర్చు లేదు.

కోసే పని పెద్దవాళ్లే చేయండి. పదునైన కత్తితో ఒక్క వేటుకు తెగాలి. నెమ్మదిగా రంపంలా కోస్తే గదుల గోడలు నలిగిపోతాయి. పట్టుకోవడానికి వీలుగా ఒక్కో ముక్క నాలుగు వేళ్ల పొడవు ఉంచండి. కోసిన ముక్కలను కోత కిందికి వచ్చేలా పాత పేపరు మీద అరగంట నిలబెడితే పసరు కారిపోతుంది. ఆ పసరు బట్టల మీద పడితే నల్లమరక అయి ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. అందుకే పిల్లలను యూనిఫాంలో కూర్చోబెట్టవద్దు, పాత చొక్కా వేసుకుని రమ్మని ముందు రోజే చెప్పండి.

రంగు పెట్టే తీరు కూడా ముఖ్యమే. పోస్టర్ కలర్‌ను పెరుగంత చిక్కగా కలిపి, పళ్లెంలో నాలుగు మడతలు వేసిన నూలుగుడ్డ పరిచి, దాని మీద పోయండి. అచ్చును ఆ గుడ్డకు అద్ది కాగితం మీద నొక్కాలి. కుంచెతో పూస్తే రంగు గదుల్లోకి దిగి, ముద్ద పడుతుంది. కాగితం కింద నాలుగు న్యూస్‌పేపర్లు మెత్తగా పరిస్తే కోత అంతా సమంగా ఆనుతుంది. మొదటి అచ్చు చెదిరినట్టు వస్తుంది. రెండోది, మూడోది బాగా వస్తాయి. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే మొదటి ముద్దకే కాగితం నలిపి పారేస్తారు.

ఓ పది నిమిషాలు వాళ్ల ఇష్టానికి వదిలేయండి. తర్వాత ఒక నియమం పెట్టండి: ఒకే అచ్చు, రెండే రంగులు, పేజీ మొత్తం నిండాలి. అచ్చును పావు వంతు తిప్పుతూ వేస్తే ఒక అల్లిక వస్తుంది, ఎదురెదురుగా వేస్తే ఇంకొకటి వస్తుంది. ఇంటికెళ్లి అమ్మ చీరల అంచులు చూసి రమ్మనండి. ఒక మామిడి పిందె ఎన్ని రకాలుగా తిరగబడి అంచంతా పాకుతుందో చూసొచ్చిన పిల్లల రెండో రోజు పేజీలో తేడా మీకే కనిపిస్తుంది. నియమం లేని చోట ఈ వయసు పిల్లలు ఇంకా బెదురుతారు. హద్దు చిన్నదైతే దానిలోపల ధైర్యంగా ఆడతారు.

బెండకాయ, తామర తూడు, అడ్డంగా చీల్చిన కొబ్బరి డొక్క కూడా మంచి అచ్చులే. నరసాపురం వైపు వాళ్లకైతే ఇంకో అవకాశం ఉంది. అక్కడి లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ క్రోషే (కొక్కెం సూదితో అల్లే) పని ఈనాటికీ ఎందరో ఆడవాళ్ల చేతుల్లో నడుస్తోంది. ఇంట్లో పాత లేసు ముక్క ఉంటే కాగితం మీద పరిచి, దాదాపు పొడిగా ఉన్న స్పాంజితో రంగు అద్ది, లేసు ఎత్తండి. సందులున్న చోటంతా రంగు దిగి, అల్లిక తెల్లగా మిగులుతుంది. పనిలో పనిగా ఆ కొక్కెం ఎలా తిరుగుతుందో అమ్మమ్మనో పక్కింటి పిన్నినో అడిగి చూడమనండి.

రంగులు మనమే చేసుకుందాం

డ్రాయింగ్ పీరియడూ సైన్స్ పీరియడూ కలిసే చోటు ఇది. ఇద్దరు టీచర్లు కలిసి చేయిస్తే ఇంకా బాగుంటుంది.

అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల పసుపు కలిపి, వెడల్పు కుంచెతో డ్రాయింగ్ షీటు నిండా పూయించి ఆరనివ్వండి. ఇంకో గిన్నెలో పావు గ్లాసు నీళ్లకు చెంచాడు వంటసోడా కలపండి. ఆ నీళ్లతో పసుపు కాగితం మీద బొమ్మ వేస్తే కుంచె తగిలిన చోట ఎర్రటి గోధుమ రంగు పుడుతుంది. నిమ్మరసం అద్దితే మళ్లీ పసుపు తేలుతుంది. హారతి పళ్లెంలో పసుపు, సున్నం కలిస్తే ఎర్రనీళ్లు ఎలా వస్తాయో పిల్లలు చూసే ఉంటారు. అదీ ఇదీ ఒకటే అని చెప్పండి. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నంతో ఎరుపు ఇంకా చిక్కగా వస్తుంది కానీ కంట్లో పడితే ప్రమాదం, పిల్లల చేతికి సోడా చాలు.

శంఖుపుష్పాలు పదిహేను దాకా కోసి, వేడినీళ్లలో పది నిమిషాలు నాననిస్తే చక్కటి నీలం దిగుతుంది. దాన్ని మూడు కప్పుల్లో పోయండి. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాంట్లో నాలుగు చుక్కల నిమ్మరసం, మూడోదాంట్లో చిటికెడు సోడా వేయండి. రెండోది వంగపండు రంగు వైపు, మూడోది ఆకుపచ్చ వైపు తిరుగుతాయి. ఒక్క పువ్వు నుంచి మూడు రంగులు వచ్చినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. పక్వమైన బచ్చలిపండ్లు చిదిమితే ముదురు ఊదా వస్తుంది. ఇటుక బట్టీలో విరిగిపోయిన ముక్క తెచ్చి, దంచి, పలుచటి గుడ్డలో జల్లిస్తే కాషాయపు ఎరుపు వస్తుంది. నలుపు కావాలంటే నూనె దీపం మీద స్టీలు పళ్లెం పట్టి మసి పోగుచేయాలి. ఈ పని మాత్రం మీరే చేయండి.

ఇటుక పొడి, మసి వట్టి నీళ్లతో కలిపితే ఆరాక చేత్తో రుద్దగానే రాలిపోతాయి. రాత్రంతా నానబెట్టిన తుమ్మ జిగురు కొద్దిగా కలిపితే కాగితాన్ని పట్టుకుంటాయి. పసుపు, పూల రంగులు ఎండకు వెలిసిపోతాయని కూడా చెప్పండి. ఒకే బొమ్మను సగానికి కత్తిరించి, ఒక ముక్క పుస్తకంలో, ఒక ముక్క కిటికీలో ఉంచమనండి. రెండు వారాల తర్వాత పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రంగు నిలిచిందో వాళ్లే చెబుతారు. మట్టి రంగులు ఎందుకు నిలుస్తాయి, పూల రంగులు ఎందుకు పోతాయి అనే ప్రశ్న అక్కడ దానంతటదే వస్తుంది.

ప్రభ కట్టడం

అన్నిటికంటే నాకు ఇష్టమైన పని ఇది. వీలైనంత సమయం దీనికి ఇవ్వమని అడుగుతాను, కనీసం మూడు నాలుగు రోజులు.

ప్రభ అంటే ఊరి దేవుణ్ణి నిలిపి భుజాల మీద ఊరేగించే, రంగు గుడ్డలతో అలంకరించిన ఎత్తైన వెదురు చట్రం. కోనసీమలో కనుమ రోజు ప్రభల తీర్థం జరుగుతుంది. జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద వచ్చి ఒకచోట కలుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాల మీద ఎత్తుకుని నీళ్లున్న కౌశిక కాలువలోకి దిగి దాటిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. ఆర్ట్ ప్రాజెక్టుగా ఇది ఇంత మంచిది కావడానికి కారణం ఒకటుంది. ప్రభ చూడ్డానికి అందంగా ఉంటే సరిపోదు. పొలం గట్ల మీద, కాలువలో, జనం భుజాల మీద విరగకుండా నిలవాలి. అందమూ కట్టుబడీ రెండూ ఒకేసారి ఆలోచించాల్సిన పని పిల్లలకు మన చదువుల్లో చాలా అరుదుగా దొరుకుతుంది.

నలుగురేసి పిల్లలను ఒక జట్టు చేయండి. జట్టుకు కావలసినవి: కొబ్బరి ఈనెలు ఒక కట్ట (సగం పచ్చివి, సగం ఎండినవి), వెదురు బద్దలు రెండు, గట్టి అట్టముక్క, నూలుదారం, టైలర్ దగ్గర మిగిలే రంగు గుడ్డపీలికలు, రంగు కాగితాలు, మైదా ఉడికించిన జిగురు. ప్రభ ఎత్తు అడుగున్నర, వెడల్పు ముప్పావు అడుగు ఉంటే చేతికి అందుబాటులో ఉంటుంది.

మొదట నేల మీద సుద్దముక్కతో అసలు కొలతలో ప్రభ ఆకారం గీయించండి. కింద వెడల్పు పీట, రెండు పక్కలా నిలువులు, పైన గుండ్రటి తల. ఆ గీత మీదే ఈనెలు పేర్చుకుంటూ పోతారు.

నిలువులకు ఎండు ఈనెలు మూడేసి కలిపి దారంతో బిగించాలి. తల వంపుకు పచ్చి ఈనెలే కావాలి, ఎండువి వంచితే పుటుక్కున విరుగుతాయి. మూడు పచ్చి ఈనెలు కలిపి నెమ్మదిగా వంచుతూ రెండు చివర్లూ నిలువులకు కట్టాలి. మూడు వేళ్ల ఎడంలో అడ్డపుల్లలు వేయాలి. ప్రతి కూడలి దగ్గరా దారం ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి గుణకారం గుర్తులా పడాలి. ముడి ఒక్కటీ వేసి వదిలేస్తే జారిపోతుంది.

ఇప్పుడు చట్రాన్ని లేపి, పైనుంచి పక్కకు కొద్దిగా తోయమనండి. నాలుగు పలకల గడులన్నీ ఒరిగిపోతాయి. ఎలా ఆపాలో మీరు చెప్పకండి. ఒకరు ఇంకా గట్టిగా కడదామంటారు, ఒకరు ఇంకో అడ్డపుల్ల వేద్దామంటారు. రెండూ చేసి చూడనివ్వండి. చివరికి ఎవరో ఒకరు మూల నుంచి మూలకు ఏటవాలుగా పుల్ల పెడతారు, చట్రం కదలకుండా నిలబడుతుంది. త్రికోణం ఎందుకు ఒరగదో అప్పుడు చెప్పండి. ఎంతకీ ఎవరికీ తట్టకపోతే దగ్గర్లో ఉన్న రైలు వంతెన ఫొటో చూపించి ఊరుకోండి.

కట్టిన చట్రాన్ని ఒక రాత్రి వదిలేయాలి. పచ్చి ఈనెలు ఆరుతూ సన్నబడతాయి కాబట్టి మర్నాటికి కట్లు వదులవుతాయి. వాటిని మళ్లీ బిగించాకే అలంకారం.

అలంకారం దగ్గర పిల్లలు ఆగలేరు, ఉన్న రంగులన్నీ వేసేయాలనుకుంటారు. ముందు మూడు రంగులు ఎంచుకోమనండి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, ఒకటి అక్కడక్కడా. పీలికలను అడ్డపుల్లల చుట్టూ చుడితే పట్టీలు వస్తాయి, నిలువునా వేలాడదీస్తే కుచ్చులు వస్తాయి. అరటి అచ్చులు వేసిన కాగితాలు వెనక తెరగా పనికొస్తాయి. మధ్యలో ఏం పెట్టాలన్నది మాత్రం జట్టంతా కూర్చుని మాట్లాడుకోవాలి. అసలు ప్రభ మీద ఆ ఊరి దేవుడుంటాడు. బడిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు కాబట్టి "మీ ఊళ్లో మీరంతా చెయ్యెత్తి దండం పెట్టాల్సినది ఏది?" అని అడగండి. కాలువ లాకు, రావిచెట్టు, నాట్లు వేసే చేతులు, వరదల్లో మనుషుల్ని దాటించిన పడవ, ఏదైనా కావచ్చు. ఎందుకు ఎంచుకున్నారో నాలుగు వాక్యాలు రాసి పీట వెనక అంటించాలి.

చివరి రోజు వెదురు బద్దలు రెండింటినీ పీట కింద కట్టి, నలుగురూ నాలుగు చివర్లు పట్టుకుని బడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయాలి. మెట్లు ఎక్కాలి, దిగాలి. ఎక్కడైనా కట్టు ఊడితే అక్కడే కూర్చుని కట్టుకుని మళ్లీ లేవాలి. ఈ ఊరేగింపు లేకుండా ప్రాజెక్టు ముగించవద్దు. మొయ్యడానికి కట్టిన వస్తువును టేబుల్ మీద పెట్టి మార్కులు వేస్తే చేసిన పనికి అర్థం ఉండదు.

మట్టి పలక

మట్టి కోసం పిల్లలను ఏటిగట్టుకీ కాలువకీ పంపవద్దు. కుమ్మరుల దగ్గర పిసికి సిద్ధంగా ఉన్న మట్టి అడిగి తెచ్చుకోండి. వేలి మందాన పలకగా ఒత్తి, తమ పెరట్లోని ఆకు ఒకటి ఈనెలు కిందికి వచ్చేలా పరిచి, సీసాతో దొర్లించి, ఆకు తీసేస్తే అచ్చు పడుతుంది. చుట్టూ పుల్లతో అంచు చెక్కుకోవచ్చు. పలక మీద ఇంకో ముక్క అతికించాలంటే రెండు వైపులా గీతలు గీసి, నీళ్లలా పలుచన చేసిన మట్టి రాసి నొక్కాలి, లేకపోతే ఆరాక ఊడిపోతుంది. ఎండలో పెట్టకుండా నీడలో, పైన గుడ్డ కప్పి మెల్లగా ఆరనిస్తే పగుళ్లు రావు.

ఇప్పుడు పెన్సిల్

ఇంతవరకు వచ్చిన పిల్లలు "నాకు రాదు" అనడం బాగా తగ్గుతుంది. ఇప్పుడు చూసి గీయడం నేర్పండి. అట్టలో అగ్గిపెట్టెంత కంత చేసి, ఒక కన్ను మూసి అందులోంచి చూడమనండి. ఆ కంతలో పట్టినంతే గీయాలి. కొబ్బరిచెట్టు మొత్తం వద్దు, మొవ్వ దగ్గర నాలుగు మట్టలు చాలు. గీసేటప్పుడు చెట్టు ఆకారాన్ని వదిలేసి, రెండు మట్టల మధ్య కనిపించే ఆకాశం ముక్క ఆకారం గీయమనండి. చెట్టు ఎలా ఉంటుందో పిల్లల బుర్రలో ముందే ఒక బొమ్మ ఉంటుంది, చెయ్యి దాన్నే గీస్తుంది. ఆకాశం ముక్కకు అలాంటి బొమ్మ ఉండదు, కాబట్టి చచ్చినట్టు చూసే గీయాలి.

వీలైతే ఒక్కసారి రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకెళ్లండి. 1897లో పుట్టి 1925లో పోయిన చిత్రకారుడాయన. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఈ ఊరి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. తర్వాత ఆయన బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, తిరిగి ఇక్కడికే వచ్చి బొమ్మలు నేర్పాడు. పిల్లలను గోడల వెంట గబగబా తిప్పి బయటికి తేవద్దు. ఒక్కొక్కరు ఒక్క బొమ్మ ఎంచుకుని దాని ముందు పది నిమిషాలు ఉండాలి. వెలుగు ఎటు నుంచి పడుతోంది, చేతులు ఏం చేస్తున్నాయి, బట్టల మడతలు ఎక్కడ మొదలవుతున్నాయి, ఈ మూడూ రాసుకోవాలి. ఆ బొమ్మలోంచి ఒక్క చెయ్యి మాత్రం పెన్సిల్‌తో గీసుకుని రావాలి.

అందరూ కలిసి: గుడ్డ మీద డెల్టా

పాత తెల్ల దుప్పటి ఒకటి ఉతికి, గంజి పెట్టి ఇస్త్రీ చేయించండి. దాని మీద గోదావరి డెల్టా పటం వేయిద్దాం. పై అంచు మధ్యలో ధవళేశ్వరం. కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది ఇక్కడే. అక్కడి నుంచి గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. గౌతమిని యానాం వైపు, వసిష్ఠను నరసాపురం మీదుగా అంతర్వేదికి దించండి. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి మధ్యలో సముద్రానికి వెళ్తుంది. పాయలను ముందు సుద్దతో గీసి, తర్వాత నీలం వేయించండి. పోస్టర్ కలర్‌లో కొంచెం ఫెవికాల్ కలిపితే గుడ్డను పట్టుకుంటుంది.

ఇక ఖాళీ నేలంతా పిల్లలది. వరిపొలాలకు పాత దువ్వెన అంచు అద్దితే నాట్ల వరసలు వస్తాయి. కొబ్బరితోటలకు, అరటితోటలకు వాళ్ల అచ్చులు ఉన్నాయి. చేపల చెరువులకు భీమవరం వైపు చదరపు అచ్చులు, పూలతోటలకు కడియం వైపు బెండకాయ అచ్చులు. ప్రతి ఒక్కరూ తమ ఊరు ఎక్కడుందో పటంలో వెతికి, అక్కడ బొటనవేలంత బొమ్మ ఒకటి సొంతంగా వేయాలి. గుడ్డ మీద తప్పు పడితే తెల్లరంగు పూసి దాచవద్దు. ఆ మరకను చెరువో గడ్డివామో చేసే దారి ఆలోచించమనండి.

దీనికి ఫస్టు, సెకండు బహుమతులు పెట్టకండి. అన్నీ వరండాలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీసి, తల్లిదండ్రులను ఒక సాయంత్రం పిలవండి. ఎవరి పని దగ్గర వాళ్లు నిలబడి ఎలా చేశారో చెప్పాలి. "మా అబ్బాయికి ఇవన్నీ ఎందుకు సార్, మ్యాథ్స్‌లో వెనకబడ్డాడు" అనే తండ్రి ఉంటే, ఆ అబ్బాయి చేత ప్రభ చట్రంలో ఏటవాలు పుల్ల ఎందుకు పెట్టారో చెప్పించండి.

గుడ్డ పటాన్ని మడతపెడితే మడతల దగ్గర రంగు పగులుతుంది. పీవీసీ పైపుకు చుట్టి, మధ్యలో పాత చీర గుడ్డ వేసి ఉంచండి. మన వైపు వానాకాలం చెమ్మకు కాగితపు పనులు బూజు పడతాయి. వాటిని గోడకు ఆనించకుండా, ఎండు వేపాకు వేసిన ట్రంకుపెట్టెలో పెట్టి, ఎండ కాసిన రోజు ఒకసారి తీసి గాలికి ఆరబెట్టండి.